అప్‌డేట్: చైన్‌సా ఆగిపోవడానికి కారణం దొరికింది

రెండు నెలలు పక్కన పెట్టిన చైన్‌సా స్టార్ట్ అయి, యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతోందని, పెట్రోల్ మార్చాలా అని అడిగాను కదా. సమస్య పెట్రోల్‌దే, కానీ నేను అనుకున్నట్టు ఆక్టేన్ (పెట్రోల్ ముందే పేలకుండా తట్టుకునే స్థాయి) తక్కువై కాదు.

ట్యాంకులో ఉన్నది ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిసిన పెట్రోల్‌లో ఇంజిన్ ఆయిల్ పోసి కలిపిన పాత మిశ్రమం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది. ఆయిల్ మాత్రం పైన పెట్రోల్‌లోనే ఉంటుంది. పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ మీదే ఆధారపడి, ట్యాంకు అడుగు నుంచి లాగే టూ స్ట్రోక్ ఇంజిన్‌కు ఇక లూబ్రికేషన్ ఏది? పిస్టన్ పట్టేయలేదు, అదే పెద్ద ఊరట.

కార్బురేటర్ విప్పితే డయాఫ్రమ్ (లోపల కదులుతూ పెట్రోల్ అందించే పలుచని పొర) అట్టలా గట్టిపడి ఉంది, అందుకే యాక్సిలరేటర్ నొక్కితే చాలినంత పెట్రోల్ అందక ఆగిపోయేది. డయాఫ్రమ్ కిట్ మార్చాను. ఇథనాల్ లేని తాజా పెట్రోల్‌లో, మాన్యువల్ చెప్పిన 50:1 (50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు ఆయిల్) ప్రకారం, లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపాను. రెండో లాగుకే స్టార్ట్ అయింది, లోడ్ మీద కూడా ఆగలేదు.

ప్రీమియం పెట్రోల్ పోస్తే పవర్ పెరుగుతుందన్నవాళ్లకు ఒక మాట: మాన్యువల్ అడిగిన ఆక్టేన్ ఉంటే చాలు, అంతకు మించి పోసినా బలం రాదు. డబ్బాపై కలిపిన తేదీ రాసి, నెల దాటితే వాడట్లేదు. డయాఫ్రమ్ చూడమన్నవారికి చాలా థాంక్స్.