పిల్లికి ఇన్సులిన్: సూది మందు సగం కారిపోతే మళ్లీ ఇవ్వవచ్చా?

ప్రశ్న: మధుమేహం ఉన్న మా 11 ఏళ్ల పిల్లికి 12 గంటలకోసారి ఒక యూనిట్ గ్లార్జిన్ (ఒక రకం ఇన్సులిన్) ఇస్తున్నాము. నిన్న సాయంత్రం తిండి సగమే తిని, సూది గుచ్చగానే విదిలించుకుని మంచం కిందికి దూరింది. మందు లోపలికి వెళ్లిందో, బొచ్చు మీదే కారిందో తెలియలేదు. మళ్లీ ఇవ్వవచ్చా?

జవాబు 1: ఇవ్వకండి. ఎంత వెళ్లిందో తెలియనప్పుడు రెండోసారి ఇస్తే రక్తంలో చక్కెర ప్రాణాపాయమయ్యేంతగా పడిపోవచ్చు, అదే ఒక పూట తప్పితే సాధారణంగా అంత ముప్పు ఉండదు. తూలినా, వణికినా చిగుళ్లకు తేనె రాసి వెంటనే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. సరిగా తినని పూట ఎంత మోతాదు ఇవ్వాలో కూడా వారినే ముందుగా అడిగి రాసిపెట్టుకోండి.

జవాబు 2: సిరంజి మూత రంగు కూడా చూడండి. మన మందుల దుకాణాల్లో ఎర్ర మూత మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ మూత 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కు. 100 యూనిట్ల గ్లార్జిన్‌ను ఎర్ర మూత సిరంజితో లాగితే ఒక గీతకు రెండున్నర యూనిట్లు వెళ్తాయి. మొదటి వారం నేనే ఆ పొరపాటు చేయబోయాను.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశానండి, నారింజ మూతే. ఈ ఉదయం గిన్నె ఖాళీ చేసింది.