పాత కారులో ఛార్జింగ్ లేదు, ఆల్టర్నేటర్ మార్చాలా?

ప్రశ్న: కొత్త బ్యాటరీ వేసినా డౌన్ అయిపోతోంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కూడా 12.3 వోల్టులే. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయినట్టేనా?

జవాబు: అప్పుడే మార్చకండి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా రావాలి. ముందు ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు చూడండి, లోపలివైపు నున్నగా మెరుస్తుంటే జారుతోంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య వోల్టు మీటర్ పెట్టండి. 0.2 వోల్టు దాటితే వైరులోనో, తుప్పు పట్టిన టెర్మినల్‌లోనో లోపం.

ఇంకొకరు: ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కూడా అలాగే చూడండి. ఎర్త్‌ని, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారిని, చాలామంది వదిలేస్తారు.

మరొకరు: కీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలుగుతోందా? చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది.

ప్రశ్న అడిగినవారు: వెలగడం లేదండి.

మరొకరు: అయితే ఇంజిన్ ఆపి, ఆల్టర్నేటర్ నుంచి ఆ బల్బుకి వెళ్లే సన్న వైరు ఊడదీసి, కీ ఆన్ చేసి ఇంజిన్ బాడీకి తాకించండి. లైటు వెలిగితే ఆల్టర్నేటర్‌లో కరెంటు అందించే బ్రష్‌లు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ చూడాలి. వెలగకపోతే బల్బో, ఫ్యూజో, ఆ వైరో పోయింది.