ముదిరిన వాల్వ్ లీకుకి రిపేర్ చేస్తే గుండె కోలుకుంటుందా?

మాది పర్లాకిమిడి. అమ్మకి మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు గదుల మధ్య కవాటం) లీకు బాగా ముదిరింది, పడుకుంటే ఆయాసం, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. ఈఎఫ్ (ఒక్కో కొట్టుకోలుకి గుండె బయటికి నెట్టే రక్తం శాతం) 45. విశాఖ డాక్టరు గారు రిపేర్‌కి ఆలస్యం చెయ్యొద్దంటున్నారు, బంధువులేమో ఈ స్థితిలో కోతా అని భయపెడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

గుణుపురం నుంచి: లీకున్నప్పుడు ఈఎఫ్‌ని నమ్మకండి. వెనక్కి పోయే రక్తం కూడా ఆ లెక్కలో కలుస్తుంది కాబట్టి గుండె బలం అంతకంటే తక్కువే ఉంటుంది, అందుకే 60కి దిగగానే ఆపరేషన్ అంటారు. రిపేరయ్యాక ఆ అంకె ఇంకా పడొచ్చు, కంగారు పడకండి. మా మావయ్యకీ పడింది, కానీ ఇప్పుడు వెల్లకిలా పడుకోగలుగుతున్నాడు.

బరంపురం నుంచి: లీకుకి కారణం అడగండి. గుండె సాగి వచ్చిందైతే క్లిప్ (ఛాతీ కొయ్యకుండా రక్తనాళం గుండా వెళ్లి వాల్వ్ రేకుల్ని కలిపి పట్టేది) కూడా ఉంది, అదీ అందరికీ కాదు. 2018 కోఆప్ట్ అధ్యయనంలో మందులతోనే ఉన్నవాళ్లలో రెండేళ్లకి 46 శాతం చనిపోతే, క్లిప్ కూడా వేసినవాళ్లలో 29 శాతం.

పర్లాకిమిడి: ఎకోలో (గుండె స్కాన్‌లో) రుమాటిక్, అంటే కీళ్లజ్వరం వల్ల వాల్వ్ పాడైందని రాశారండీ.

గుణుపురం: అయితే రేకులు గట్టిపడి రిపేర్ కుదరకపోవచ్చు. అప్పుడు ఏ వాల్వ్ వేస్తారో ముందే తేల్చుకోండి. మెటల్‌దైతే జీవితాంతం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), దాని మోతాదు చూసుకోడానికి ఐఎన్ఆర్ రక్తపరీక్షలు. మీ ఊళ్లో అవి ఎక్కడ చేస్తారో ఇప్పుడే కనుక్కోండి.