యార్న్ నడపగానే ప్యాకేజ్.జేసన్‌లో నేను రాయని వరుస వచ్చి చేరుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇటీవలే ఒక రియాక్ట్ ప్రాజెక్టులో చేరాను. రీడ్‌మీలో ఉన్నట్టే రిపో క్లోన్ చేసుకుని, లైబ్రరీలను దించిపెట్టే యార్న్‌తో ఇన్‌స్టాల్ నడిపాను. కొత్త లైబ్రరీ ఏదీ చేర్చలేదు, ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీల జాబితా ఉండే ప్యాకేజ్.జేసన్ తెరవను కూడా లేదు. అయినా గిట్ డిఫ్‌లో ఆ ఫైలు చివర "ప్యాకేజ్‌మేనేజర్" అనే కొత్త వరుస కనిపిస్తోంది. యార్న్ 1.22.22 అని, పక్కన ప్లస్ గుర్తు, ఎస్‌హెచ్‌ఏ512, దాని వెనక చాంతాడంత అక్షరాల తోక. చెరిపేసి మళ్లీ నడిపితే మళ్లీ వచ్చింది. నా బ్రాంచి తెచ్చుకున్న సహోద్యోగికి పీఎన్‌పీఎమ్ (యార్న్ లాంటిదే మరొకటి) అసలు నడవడం లేదట, ఈ ప్రాజెక్టు యార్న్‌కు అమర్చి ఉందని మొండికేస్తోందట. ఇది మాల్వేర్ పనా?

జవాబు:
గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా గిట్‌ఇగ్నోర్‌లో ఆ ఫైలు పేరు రాసేయండి, గొడవ ఉండదు.

మరో జవాబు:
దయచేసి ఆ పని చేయకండి. గిట్ ఇప్పటికే గమనిస్తున్న ఫైలు మీద గిట్‌ఇగ్నోర్ ప్రభావం ఏమీ ఉండదు. ఉన్నా, ప్రాజెక్టుకు ఆయువుపట్టు లాంటి ఫైలును దాచిపెట్టి సాధించేదేమిటి?

మాల్వేర్ కాదు, కంగారు పడకండి. ఇది కోర్‌ప్యాక్ పని, అంటే యార్న్, పీఎన్‌పీఎమ్ లాంటి ప్యాకేజ్ మేనేజర్ల వెర్షన్లను చూసుకునే సాధనం. టెర్మినల్‌ను కొంచెం పైకి జరిపి చూడండి. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వరుస ఒకటి ఉండాలి: ప్రాజెక్టులో ప్యాకేజ్‌మేనేజర్ ఫీల్డు లేదు, ఇప్పుడు చేరుస్తున్నాను అని. ఇన్‌స్టాల్ వరదలో అది ఎవరి కంటా పడదు.

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ, అచ్చం అలాగే ఉంది. కానీ నేను నడిపింది యార్న్ కదా, మధ్యలో ఈ కోర్‌ప్యాక్ ఎక్కడిది?

అదే జవాబుదారు:
జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో 16.9తో మొదలై 24 దాకా అది నోడ్‌తోపాటే వచ్చింది. మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. "కోర్‌ప్యాక్ ఎనేబుల్" అని ఎవరైనా ఒకసారి కొడితే యార్న్, పీఎన్‌పీఎమ్ పేర్లతో తన చిన్న స్క్రిప్టులను పెట్టేస్తుంది. ఆ తర్వాత మీరు యార్న్ అన్నప్పుడల్లా ముందు పలికేది కోర్‌ప్యాకే. నోడ్ సొంత ప్యాకేజ్ మేనేజర్ ఎన్‌పీఎమ్ జోలికి మాత్రం, ప్రత్యేకంగా అడిగితే తప్ప, పోదు.

అది ప్యాకేజ్.జేసన్‌లో ఆ ఫీల్డు కోసం చూస్తుంది. ఉన్న ఫోల్డరులో దొరకకపోతే పై ఫోల్డర్లలోనూ వెతుకుతుంది. ఎక్కడా లేకపోతే తనకు తెలిసిన వెర్షన్‌ను దించుకుని, దాన్నే ఫైలులో రాసేస్తుంది. బృందంలో అందరూ ఒకే వెర్షన్ వాడాలన్నది ఉద్దేశం. ఆ తోక దించుకున్న ఫైలు హాష్, అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, 128 అక్షరాలు. రేపు ఎవరైనా ఆ ఫైలును మార్చి పెడితే పట్టుకోవడానికి.

ఉద్దేశం మంచిదే. అడగకుండా నా ఫైలులో చేయి పెట్టడమే నాకు నచ్చదు. ఇంతకీ మీ రిపోలో ఏ లాక్ ఫైలు (లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసుండేది) ఉంది?

ప్రశ్న అడిగినవారు:
పీఎన్‌పీఎమ్-లాక్.యామల్ ఉంది. ఇప్పుడు యార్న్.లాక్ కూడా కొత్తగా వచ్చింది.

అదే జవాబుదారు:
దొంగ దొరికాడు. ప్రాజెక్టు పీఎన్‌పీఎమ్‌కు మారింది, రీడ్‌మీని ఎవరూ సవరించలేదు. కోర్‌ప్యాక్ లాక్ ఫైలు వైపు చూడదు. మీరు ఏ పేరు కొట్టారో దాన్నే ప్రాజెక్టు ఇష్టంగా రాసేస్తుంది. అందుకే మీ సహోద్యోగికి తలుపు మూసుకుపోయింది.

ముందు ఆ వరుసను, యార్న్.లాక్‌ను, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరును తీసేయండి. తర్వాత బృందం ఏ పీఎన్‌పీఎమ్ వెర్షన్ వాడుతోందో కనుక్కుని, ప్రాజెక్టు ఫోల్డరులో "కోర్‌ప్యాక్ యూజ్" తర్వాత పీఎన్‌పీఎమ్, @ గుర్తు, ఆ వెర్షన్ సంఖ్య కలిపి కొట్టండి. సరైన వరుసను అదే రాసి, ఇన్‌స్టాల్ కూడా చేస్తుంది. దాన్ని కమిట్ చేయండి. ఇక ఎవరైనా పొరపాటున యార్న్ కొడితే ఫైలు మారదు, ఎర్రర్ వస్తుంది. అదే కదా మనకు కావలసింది.

ఇంకొకరు:
మా బృందంలో ఆ వరుసే వద్దన్నారు. అలాంటివారు COREPACK_ENABLE_AUTO_PIN అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 0 ఇస్తే చాలు, కోర్‌ప్యాక్ నడుస్తుంది కానీ ఫైలులో రాయదు. అసలు కోర్‌ప్యాకే అక్కర్లేకపోతే "కోర్‌ప్యాక్ డిజేబుల్". అయితే అప్పుడు యార్న్, పీఎన్‌పీఎమ్‌లను విడిగా పెట్టుకోవాలి.

మరో మాట. నోడ్ 25 నుంచి కోర్‌ప్యాక్‌ను జతచేయడం మానేశారు. 2025 మార్చిలోనే నోడ్ సాంకేతిక సంఘం ఓటు వేసి తేల్చింది. పాత నోడ్ ఉన్న యంత్రంలో వరుస చేరడం, కొత్త నోడ్ ఉన్న యంత్రంలో చేరకపోవడం చూసి తల పట్టుకోకండి. 25లో కావాలంటే ఎన్‌పీఎమ్‌తో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
సహోద్యోగి యంత్రంలో ఇప్పుడు నడుస్తోందండీ, వరుస మళ్లీ మారలేదు. రీడ్‌మీలో యార్న్ తీసేసి పీఎన్‌పీఎమ్ రాసి పుల్ రిక్వెస్ట్ పంపాను. అందరికీ ధన్యవాదాలు.