పాత నెట్‌వర్క్ డ్రైవర్‌ను డెవ్ఎంకి మార్చితే తప్పా?

పాతకార్డు:
లినక్స్‌లో ఒక పాత పీసీఐ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌కి ప్యాచ్ పంపాను. ప్రోబ్‌లో (కార్డు కనబడగానే నడిచే ఫంక్షన్) మెమరీ తీసుకునే కేజెడ్అలాక్, ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం) లైను తీసుకునే రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ రెండిటినీ డెవ్ఎం రకాలకు (తీసుకున్నవాటిని కెర్నలే వదిలేస్తుంది) మార్చా, తప్పు జరిగితే అన్నీ వదలడానికి దూకే ఆరు గోటు లేబుళ్లలో నాలుగు ఎగిరిపోయి కోడ్ చూడముచ్చటగా తయారైంది. రివ్యూలో ఒక్కటే ప్రశ్న: రిమూవ్ (డ్రైవర్ తీసేటప్పుడు నడిచే ఫంక్షన్) నడుస్తుండగా ఇంటరప్ట్ వస్తే ఏంటి? అంతే, పక్కన పెట్టేశారు. మెమరీ లీక్ రాకుండా చేసినందుకు ఇదా?

గోటుగోవిందు:
ఆయన అడిగింది కరెక్టే తమ్ముడూ. డెవ్ఎంతో తీసుకున్నవి రిమూవ్ పూర్తయ్యాకే, తీసుకున్న వరుసకు తిరగేసి వదులుతాయి. నువ్వేమో ఆర్ఎక్స్ రింగ్‌ను (వచ్చే ప్యాకెట్ల కోసం పెట్టుకున్న మెమరీ) పాత పద్ధతిలో రిమూవ్‌లోనే కేఫ్రీతో వదిలేస్తున్నావు. రింగ్ పోయింది, ఐఆర్‌క్యూ ఇంకా బతికే ఉంది, ఆ మధ్యలో ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ (దానికి జవాబిచ్చే ఫంక్షన్) వెళ్లి వదిలేసిన మెమరీలో చెయ్యి పెడుతుంది. ఇల్లు కూల్చాక కరెంటు కనెక్షన్ తీయించినట్టుంది.

డబ్బాకోడ్:
అది డెవ్ఎం తప్పెలా అవుతుంది, సగం మార్చి సగం వదిలేస్తే అంతే మరి. రింగ్‌ను కూడా డెవ్ఎంతో తీసుకుని ఆ తర్వాత ఐఆర్‌క్యూ అడిగితే వరుస దానంతటదే సరిపోతుంది. మధ్యలో ఒక అలొకేషన్ చేర్చి, లేబుల్ మార్చడం మర్చిపోయి లీక్ చేసిన ప్యాచ్‌లు నేనే రెండు పంపా (సిగ్గులేకుండా చెప్తున్నా). 2007లో 2.6.21తో వచ్చిన పద్ధతిని ఇప్పటికీ కొత్త కోడల్ని చూసినట్టు చూస్తే ఎలా?

గోటుగోవిందు:
నేనొక్కడినే కాదన్నా, కెర్నల్ నెట్‌వర్కింగ్ చూసే నెట్‌డెవ్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది: ఆటో క్లీనప్ మీద వాళ్లకు అనుమానమే, డెవ్ఎంని ఒప్పుకుంటారు గానీ ఇష్టపడరు. వేరే పనేమీ లేకుండా ఉత్తినే డెవ్ఎంకి మార్చే ప్యాచ్‌లు వద్దనీ రాశారు. పైగా చాలా డ్రైవర్లలో రింగ్ తీసుకునేది ఓపెన్‌లో (ఇంటర్‌ఫేస్ అప్ చేసినప్పుడు నడిచేది). అక్కడ డెవ్ఎం పెడితే ఇంటర్‌ఫేస్ అప్-డౌన్ చేసినప్పుడల్లా కొత్త రింగ్ వస్తుంది, పాతది డ్రైవర్ ఊడేదాకా కదలదు.

పాతకార్డు:
రాత్రి టెస్ట్ చేశా. డీబగ్ ఎస్‌హెచ్ఐఆర్‌క్యూ ఆప్షన్ ఆన్ చేస్తే, షేర్డ్ ఐఆర్‌క్యూని వదిలే ముందు కెర్నలే హ్యాండ్లర్‌ని ఒకసారి ఉత్తుత్తిగా పిలుస్తుంది. దానికి తోడు కేఎసాన్ (వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టేసేది) పెట్టి మాడ్యూల్ తీశా, మొదటిసారే రిపోర్ట్ వచ్చి పడింది. డబ్బాకోడ్ గారు చెప్పినట్టు రింగ్ కూడా మార్చా, మళ్లీ అదే గోల. ఈసారి కారణం ఫ్రీ నెట్‌డెవ్ (కార్డు వివరాలుండే నెట్‌డెవ్ స్ట్రక్చర్‌ని వదిలేది), అదీ రిమూవ్‌లోనే ఉంది, హ్యాండ్లర్‌కి ఇచ్చింది ఆ స్ట్రక్చర్‌నే! విసుగొచ్చి ప్యాచ్ మొత్తం తీసేశా. పాత కోడ్ చదువుతుంటే ఒక గోటు తప్పు లేబుల్‌కి పోయి రింగ్ లీక్ చేస్తోంది, ఆ ఒక్క లైను మార్చి పంపా, తీసుకున్నారు.

డబ్బాకోడ్:
తప్పు లేబుల్ అట! నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా.