పోలీసు మీద కత్తి ఎత్తింది మన పేట పిల్లాడే అయితే, మొదటి రెండు రోజులు పేట ఏం చేయాలి?

పాతగుంటూరు_లెక్చరర్:

మా డివిజన్ శాంతి కమిటీ కోసం అడుగుతున్నాను. చవితి ముందు, బక్రీద్ ముందు స్టేషన్‌లో కూర్చుని ఊరేగింపు రూటు, మైకుల టైము మాట్లాడుకుని లేవడమే కమిటీకి అలవాటు. ఈసారి ఇంకో కాగితం కూడా తయారుచేసుకోవాలని అనుకున్నాం. ఫోన్‌లో ఎవరో నూరిపోసిన మాటలు తలకెక్కి పదహారు, పదిహేడేళ్ల కుర్రాడు డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మీద దాడి చేస్తే ఏం చేయాలన్నదే ఆ కాగితం. ఏ మతమైనా, ఏ జెండా అయినా సరే. మసీదు కమిటీ, గుడి కమిటీ, కాలేజీ, అపార్ట్‌మెంట్ సంఘం, అందరికీ పనికొచ్చేలా ఉండాలి.

ఆస్ట్రేలియాలో జరిగిన రెండు ఘటనలు చదువుతున్నాం. 2014 సెప్టెంబర్ 23న మెల్‌బోర్న్ శివారు ఎండీవర్ హిల్స్‌లో, పాస్‌పోర్టు రద్దయిన 18 ఏళ్ల కుర్రాడిని మాట్లాడటానికి స్టేషన్ దగ్గరికి రమ్మన్నారు. వచ్చినవాడు బయటే ఇద్దరు అధికారులను పొడిచాడు, పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రెండోది 2015 అక్టోబర్ 2న సిడ్నీలోని పారామట్టాలో (మన పటమట కాదు). పోలీసు ప్రధాన కార్యాలయం ముందు 15 ఏళ్ల పిల్లాడు, అక్కడ లెక్కల విభాగంలో పనిచేసే 58 ఏళ్ల కర్టిస్ చెంగ్‌ను కాల్చి చంపాడు. వాడూ అక్కడే చనిపోయాడు.

మాకు తేలనివి ఇవి. ఖండన ప్రకటన ఎంత త్వరగా ఇవ్వాలి, అందులో ఏం ఉండాలి? "వాడు మావాడు కాదు" అని తెంచేసుకోవాలా? తల్లిదండ్రులకు తోడుగా స్టేషన్‌కి వెళితే దాడిని సమర్థించినట్టు అవుతుందా?

అరండల్‌పేట_వకీలు:

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, జనం ఎక్కువగా భయపడేది దానికే. తోడు వెళ్లడం నేరం కాదు, పైగా అవసరం. అయితే పదిమంది వెళ్లకండి. తల్లో తండ్రో ఒకరు, వకీలు ఒకరు, చదువుకున్న బంధువు ఒకరు చాలు. గేటు ముందు యాభైమంది గుమిగూడితే అది ఇంకో కేసు అవుతుంది. వకీలు లేకపోతే ఉచిత న్యాయసహాయానికి 15100.

పద్దెనిమిది నిండని పిల్లాడైతే కేసు నడిచే తీరే వేరు. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. బోర్డు ఆరోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా పెట్టాలి.

ఇక్కడ కేసులు తప్పుదారి పట్టేది వయసు దగ్గర. చట్టం చూసే వరుస ఇది: ముందు స్కూలు ఇచ్చే పుట్టినతేదీ పత్రం లేదా టెన్త్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. అయినా ఇంట్లోవాళ్లు కంగారులో ఆధార్ జిరాక్సే పట్టుకొస్తారు. టెన్త్ మెమో ఒరిజినల్ తీసుకెళ్లాలి. మనవైపు బడిలో వేసేటప్పుడు జూన్‌లో పుట్టినట్టు రాయించడం మామూలే కదా, దాంతో స్కూలు తేదీ ఒకటి, మున్సిపాలిటీ తేదీ ఇంకొకటి అవుతాయి. పద్దెనిమిదికి అటూ ఇటూ ఉన్న కుర్రాడి విషయంలో కేసంతా ఆ తేడా మీదే తిరుగుతుంది. పత్రాలు దాచేసినా, దిద్దినా అంతకన్నా చెడ్డపని లేదు.

"పెద్దవాడిలా విచారించి ఉరి తీయాలి" అని గ్రూపుల్లో రాస్తారు. పదహారు దాటిన పిల్లల్ని పెద్దవాళ్లలా విచారించడానికి బాలల కోర్టుకి (చిల్డ్రన్స్ కోర్టు) పంపాలా అని బోర్డు పరిశీలించేది కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న ఘోర నేరాలకే. హత్యాయత్నానికి, అంటే భారతీయ న్యాయసంహిత 109వ సెక్షన్‌కి, గరిష్ఠ శిక్ష పెద్దదే కానీ కనీస శిక్ష లేదు. అలాంటివి ఘోర నేరాల కిందికి రావని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది, 2021 సవరణతో అది చట్టంలోకీ ఎక్కింది. ప్రాణం పోని ఉగ్రవాద చర్యకు ఉపా (UAPA, ఉగ్రవాద నిరోధక చట్టం) కింద కనీస శిక్ష అయిదేళ్లు, అదీ ఏడుకి తక్కువే. కాబట్టి కానిస్టేబుల్ బతికితే కేసు బోర్డులోనే నడుస్తుంది. చనిపోతే లెక్క మారుతుంది. అప్పుడు కూడా ఉరి గానీ, విడుదలకు దారే లేని యావజ్జీవం గానీ ఉండవు.

పిల్లాడిని వాడుకున్న పెద్దవాళ్ల మీద బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ ఉంది, ఏడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. పారామట్టా కేసులో తుపాకీ అందించిన వ్యక్తికి 2018లో 44 ఏళ్లు పడింది. దర్యాప్తు అక్కడిదాకా వెళ్లాలంటే పిల్లాడి ఫోన్ చెక్కుచెదరకుండా ఉండాలి. భయపడి ఫోన్ రీసెట్ చేసే అన్నయ్యే సాక్ష్యం మాయం చేసిన నేరంలో ఇరుక్కుంటాడు. సోదాకి వస్తే వీడియో తీయడం ఇప్పుడు పోలీసుల బాధ్యత, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా కాపీ అడిగి తీసుకోండి. సాక్షిగా ప్రశ్నించడానికి తల్లిని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికే రావాలి.

ఇంకొకటి. కుర్రాడు పోలీసు కాల్పుల్లో చనిపోతే "ఎన్‌కౌంటర్" అని ఒకవైపు, "శభాష్" అని ఇంకోవైపు మొదలవుతుంది. అలాంటి మరణాలపై ఎఫ్ఐఆర్, వేరే స్టేషన్ బృందం లేదా సీఐడీ దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ ఉండాలని సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా 2014 సెప్టెంబర్ 23నే, ఎండీవర్ హిల్స్ ఘటన జరిగిన రోజే. కాకతాళీయమే అనుకోండి. అక్కడ కరోనర్ (ఇలాంటి మరణాలను విచారించే అధికారి) విచారణ తేలేసరికి 2017 అయింది, కాల్చిన అధికారిది తప్పు కాదని తేల్చారు. పేట పెద్దలు చెప్పాల్సింది "విచారణ జరగనివ్వండి" అన్నంతవరకే.

గవర్నర్‌పేట_డెస్కు:

ప్రకటన గురించి, వార్త అందుకునే వైపు నుంచి చెబుతాను. సాయంత్రం ఏడులోపు వస్తే మర్నాటి పేపర్లో చోటు దొరుకుతుంది. ఎనిమిది వాక్యాలు దాటితే కోత పడుతుంది, ఏది కోయాలో డెస్కే నిర్ణయిస్తుంది. మొదటి వాక్యం గాయపడిన పోలీసు గురించి ఉండాలి, హోదాతో సహా. "మా మతం శాంతిని బోధిస్తుంది" అని మొదలుపెడితే చదివేవాడికి సొంత గొడవలా కనిపిస్తుంది. రెండో వాక్యంలో దాడిని ఖండించాలి, "కానీ", "అయితే" లేకుండా. పోలీసుల మీద పాత ఫిర్యాదులు ఏవైనా ఉంటే అవి వేరే రోజుకి, వేరే కాగితానికి.

పేరు, ఫొటో, స్కూలు, వీధి రాయకండి. బాలల న్యాయ చట్టం 74 కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. జనం జారేది ఇక్కడే: పేరు తీసేసి, "ఫలానా కాలేజీ ఇంటర్ సెకండియర్, ఫలానా టిఫిన్ సెంటర్ ఓనర్ కొడుకు" అని రాస్తారు. అది పేరు రాసినట్టే. ఈ థ్రెడ్‌లో కూడా ఆ ఆస్ట్రేలియా పిల్లాడి పేరు ఎవరూ రాయలేదు, అలాగే ఉండనివ్వండి.

"మావాడు కాదు" అనడం గురించి. 2008 ముంబయి దాడుల తర్వాత అక్కడి ముస్లిం ట్రస్టు చనిపోయిన దాడివాళ్లకు శ్మశానంలో చోటివ్వలేదు, దేశమంతా మెచ్చుకుంది. వాళ్లు సరిహద్దు దాటి వచ్చినవాళ్లు, ఇక్కడ వాళ్లకి తల్లీతండ్రీ లేరు. మీ పేట పిల్లాడికి అమ్మ ఉంటుంది, పక్కసందులోనే. ఆమెను వెలేస్తే, రేపు కొడుకు మీద అనుమానం వచ్చిన ఇంకో తల్లి నోరు విప్పదు. పారామట్టా మసీదు అధ్యక్షుడు తర్వాతి శుక్రవారం "ఆస్ట్రేలియా నచ్చకపోతే వెళ్లిపోండి" అన్నాడు. టీవీలో బాగా నడిచింది. నా లెక్కన అది బయటివాళ్ల కోసం అన్న మాట, లోపల కూర్చున్న పదిహేనేళ్ల వాడిని ఆపే మాట కాదు. నాకు నిలబడినట్టు కనిపించింది కర్టిస్ చెంగ్ కొడుకు ఆల్ఫా చెంగ్ మాట. తన తండ్రి మరణాన్ని చూపించి ముస్లింల రాకనే ఆపాలనే రాజకీయం చేయొద్దని ఆయన బహిరంగంగా రాశారు.

వాట్సాప్ సంగతి. వార్త తెలిసిన పది నిమిషాల్లో గ్రూపు సెట్టింగుల్లోకి వెళ్లి, మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి. రాత్రికి తెరుద్దాం అనుకోకండి, 48 గంటలు అలాగే ఉంచండి. రెండు బాణాల గుర్తున్న మెసేజ్ అంటే ఇప్పటికే చాలా చేతులు మారిందన్నమాట, దాన్ని గ్రూపులో పెట్టి "ఇది నిజమేనా?" అని అడిగినా వ్యాప్తి చేసినట్టే. దాడి వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే తీసిన ఫోన్‌లోనే ఉంచి దర్యాప్తు అధికారికి చూపించాలి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పడిపోతుంది, తీసిన టైము వివరాలు పోతాయి. కోర్టులో కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా చిక్కుల్లో పడుతుంది.

కొరిటెపాడు_కాపు:

ఇదంతా బాగానే ఉంది గానీ, గాయపడ్డ కానిస్టేబుల్ ఇంటికి వెళ్లేదెవరు? రెండు రిప్లైల్లో ఆయన ఒక్క వాక్యంలో వచ్చి పోయాడు.

గవర్నర్‌పేట_డెస్కు:

న్యాయమైన మాటే. ఆసుపత్రికి మందగా వెళ్లొద్దని మాత్రం రాసుకోండి, జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) క్యాజువాలిటీ ముందు వంద బైకులు ఆగితే అంబులెన్సుకే దారి ఉండదు. రక్తం ఇస్తామని ఎగబడే ముందు బ్లడ్ బ్యాంకుకి ఒకరే ఫోన్ చేసి ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు అని అడగాలి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలు తగ్గనివాళ్లు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్ల జాబితా ముందే ఉంటే నలుగురిని పంపితే సరిపోతుంది. ఇంటికి మసీదు కమిటీ నుంచి ఒకరు, గుడి కమిటీ నుంచి ఒకరు, ఆడవాళ్లు ఇద్దరు వెళ్లండి. కెమెరా తీసుకెళ్లకండి. ఆ ఫొటో పేపర్‌కి పంపారంటే ఎందుకు వెళ్లారో ఆ ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది.

పటమట_బాలల_కౌన్సెలర్:

మీ కాగితంలో దాడి తర్వాతి 48 గంటలది ఉంది, దాడికి ముందుది లేదు. అది లేకపోతే మిగతాదంతా ఊరేగింపు రూటు లాంటిదే.

గడ్డం పెంచడం, బొట్టు పెద్దగా పెట్టడం, నమాజు మానకపోవడం, మాల వేసుకోవడం గుర్తులు కావు. వీటిని గుర్తులుగా రాస్తే టీచర్లు సగం క్లాసు పేర్లు ఇస్తారు, పిల్లలు మనల్ని నమ్మడం మానేస్తారు. చూడాల్సింది మార్పు వేగం: పాత స్నేహితులందరినీ ఒకేసారి వదిలేయడం, రాత్రి రెండు దాకా ఒకే ఒక్క "అన్న"తో చాట్, కొన్ని గంటల్లో మాయమయ్యే మెసేజ్‌లు, ఫలానా వాళ్లని చంపినా తప్పులేదని నవ్వకుండా అనడం, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టడం. పల్నాడులో అన్నల (నక్సలైట్ల) కాలం చూసిన పెద్దవాళ్లు వీటిలో సగం గుర్తుపడతారు, అప్పుడు ఫోన్ లేదు అంతే.

ఇంట్లో జరిగే పొరపాట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. తండ్రి ఫోన్ పగలగొడతాడు, వాడు వారంలో ఇంకోటి సంపాదిస్తాడు, ఈసారి దాచిపెడతాడు. లేదా బాబాయి ఆ "అన్న"తో తనే చాట్ చేసి బుద్ధి చెబుదామనుకుంటాడు. లేదా ఊరికి, అమ్మమ్మ దగ్గరికి పంపేస్తారు. ఊళ్లో ఫోన్ చూసేవాళ్లే ఉండరు, పైగా వాడు ఒంటరి. కొట్టడం గురించి చెప్పనక్కర్లేదు. ముందు వాడు గౌరవించే ఒక్క మనిషిని కూర్చోబెట్టండి: పీఈటీ సారు, మేనమామ, ఇమాం, ఎవరైనా. వాదించవద్దు, "ఇది నీకు ఎవరు చెప్పారు, ఎప్పటినుంచి" అని అడిగి వినాలి.

ఆయుధం, తేదీ, చోటు, ఈ మూడింటిలో ఒక్కటి మాటల్లో వచ్చినా కౌన్సెలింగ్ గురించి ఆలోచించొద్దు, వెంటనే 112. అవి లేకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, లేదా కలెక్టరేట్ పరిధిలోని జిల్లా బాలల సంరక్షణ విభాగం. వార్డు సచివాలయం మహిళా పోలీసు దగ్గరికి తల్లులు తేలిగ్గా వెళతారు, స్టేషన్ మెట్లు ఎక్కరు.

ఒక్కసారి మాట్లాడి పంపేస్తే సరిపోదు. 2014లో ఐసిస్‌లో చేరడానికి వెళుతూ కోల్‌కతాలో పట్టుబడ్డ హైదరాబాద్ కుర్రాళ్లకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి ఇళ్లకి పంపారు, వాళ్లలో కొందరు 2015 డిసెంబర్‌లో నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ దొరికారు. జర్మనీలో హానోవర్ రైల్వేస్టేషన్‌లో 2016 ఫిబ్రవరిలో పోలీసును పొడిచిన 15 ఏళ్ల అమ్మాయిని, అంతకుముందు నెలే తల్లి ఇస్తాంబుల్ దాకా వెళ్లి వెనక్కి తెచ్చుకుంది. తల్లి చేయాల్సింది చేసింది. తెచ్చుకున్నాక ఆ ఇంటికి ఎవరు వెళ్లారు అన్నదే ప్రశ్న. ఆ అమ్మాయికి ఆరేళ్లు పడ్డాయి, ముందే తెలిసి చెప్పని స్నేహితుడికి రెండున్నరేళ్లు. అందుకే కాగితంలో "కౌన్సెలింగ్" అని ఒక్క మాట రాసి వదలకండి. మొదటి నెల వారానికి ఒకసారి, తర్వాత ఆరు నెలలు నెలకి రెండుసార్లు, వెళ్లే మనిషి పేరుతో సహా రాయండి. మనిషి మారితే మళ్లీ మొదటికొస్తుంది.

కొరిటెపాడు_కాపు:

ఇంత ఓపిక కమిటీల్లో ఉంటుందా? వారానికోసారి వెళ్లేవాడికి కనీసం పెట్రోల్ ఖర్చు ఎవరిస్తారో కూడా రాయండి.

పాతగుంటూరు_లెక్చరర్:

రాస్తాను, చందా పుస్తకం ఉంది. ప్రకటన నమూనా ఇలా మార్చాను, చూడండి: "విధుల్లో ఉన్న హెడ్ కానిస్టేబుల్ గారిపై జరిగిన దాడిని మా పేటవాసులందరం ఖండిస్తున్నాం. ఆయన త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం. దర్యాప్తుకు సహకరిస్తాం, వీడియోలు ఉన్నవారు అధికారులకే ఇవ్వాలి. మైనర్ నిందితుడి వివరాలు ఎవరూ పంచుకోవద్దు. తమ పిల్లల గురించి ఆందోళన ఉన్న తల్లిదండ్రులు 1098కి ఫోన్ చేయవచ్చు, కమిటీ తోడుంటుంది."

అరండల్‌పేట_వకీలు:

"మైనర్ నిందితుడు" తీసేసి "బాలుడు" అని పెట్టండి. "కమిటీ తోడుంటుంది" దగ్గర ఒక ఫోన్ నంబరు ఉండాలి, రాత్రి పదకొండుకి కూడా ఎత్తే మనిషిది.