డబ్బు కట్టి అడవి పందిని కాల్చి వచ్చాను, తప్పా?

పొలంగట్టు:
పోయిన శనివారం కాలిఫోర్నియాలో మాంటెరే కౌంటీ కొండల్లో గైడుతో పంది వేటకెళ్లొచ్చాను. ఫొటో పెట్టగానే మా వాట్సాప్ గ్రూపులో గొడవ, ఇద్దరు గ్రూపు వదిలి పోయారు కూడా. తెల్లవారక ముందే ఓక్ చెట్ల కింద నడక మొదలు. గైడు మాటిమాటికీ చిన్న సీసాలోంచి పౌడర్ ఊది గాలి ఎటు పోతోందో చూస్తాడు, పందికి చూపు అంతంతే గానీ ముక్కు మాత్రం అమోఘం, గాలి మన వెనక నుంచి వీచిందంటే ఆ రోజుకి అంతే సంగతులు. ఒక వాలు మొత్తం నాగలితో దున్నినట్టు తిరగేసి ఉంది. రెండు గంటలు నడిచాక లోయ అవతల గుంపు కనపడింది. కాల్చాను, పడింది. దాన్ని పైకి ఈడ్చుకు రావడానికే గంటన్నర పట్టింది. రైతులకి బెడద తగ్గించినట్టే కదా, ఇందులో పాపం ఏముంది?

హెచ్‌వన్_కష్టాలు:
పాపం సంగతి తర్వాత అన్నా, మన హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద తుపాకీ ముట్టుకోవచ్చా?

పొలంగట్టు:
మామూలుగా కూడదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. దానికి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి, ఆపైన పందికి వేరే వాలిడేషన్, అంటే లైసెన్స్ మీద అదనపు అనుమతి, కొనాలి. 2024 జూలై దాకా పందికో ట్యాగ్ ఉండేది, ఇప్పుడు ఒక్క వాలిడేషన్‌తో ఎన్నైనా కొట్టొచ్చు. సీసం గుళ్లు మాత్రం 2019 నుంచి రాష్ట్రమంతా బంద్, ఆ సీసం మిగిలిన కళేబరాలు తిని కాండర్ రాబందులు చస్తున్నాయని. రాగివి వాడాను.

తులసికోట:
మేం మాంసం తినం, ఆ కోపంతో రాస్తున్నానని అనుకోకండి. అక్కడి పందులు మొదట్నుంచీ ఆ అడవులవి కావు. స్పెయిన్ వాళ్లు తెచ్చిన ఊరపందులు కొన్ని తప్పించుకుని అడవిపాలయ్యాయి, 1920ల్లో ఒక భూస్వామి యూరప్ జాతి అడవి పందుల్ని వేట కోసమే తెచ్చి అదే మాంటెరేలో వదిలాడు, రెండూ కలిసిపోయాయి. సరదాకి తెచ్చి, బెడద అని పేరు పెట్టి, మళ్లీ సరదాకే చంపడం!

మక్కచేను:
తులసికోట గారూ, ఒక్కసారి మా ఆదిలాబాద్ వైపు రండి. మక్క కంకి పాలు పోసుకునే టైంకి గుంపు ఒక్క రాత్రి దిగిందంటే చేను నేలమట్టం, తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. మా నాయన చుట్టూ పాత చీరలు కట్టాడు, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాడు, మంచె మీద పడుకుని రాత్రంతా డబ్బా కొట్టాడు. చీరలకి వారం రోజులు భయపడ్డాయి, తర్వాత వాటి కింద నుంచే దూరొచ్చాయి. పక్క చేనాయన కరెంటు తీగ పెడదామంటే నాయన ఒప్పుకోలేదు, ఆ తీగలకి పులులూ పోయాయి, రాత్రి నీళ్లు పెట్టడానికి పోయిన మనుషులూ పోయారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా పందిని చంపితే కేసు. పంట పాడు చేస్తే కాల్చడానికి అటవీ అధికారులు రాసి ఇవ్వొచ్చు, తెలంగాణలో ఆ అధికారం సర్పంచులకీ ఇచ్చారు, కానీ కాల్చాల్సింది లిస్టులో ఉన్న షూటరే, ఆయన వచ్చేదాకా పంది ఆగుతుందా? చచ్చిన పంది కూడా సర్కారు ఆస్తే, కూర వండితే ఇంకో కేసు. అక్కడేమో ఎదురు డబ్బులిచ్చి కాలుస్తున్నారు. అన్న చేసింది తప్పని నేననను.

చిట్టడవి:
తమ్ముడూ, మీ నాయన బాధకీ దీనికీ పోలిక లేదు. మీ నాయనకి పంది కనపడకుండా పోవాలి. తన భూమిలో వేటాడనిచ్చి వేటగాళ్ల దగ్గర డబ్బు తీసుకునే రాంచ్ యజమానికి పందులు ఉంటేనే లాభం, అన్నీ పోతే వచ్చే ఏడు ఎవరొస్తారు? నిజంగా వదిలించుకోవాలనుకున్నది కాలిఫోర్నియా తీరం దగ్గరున్న శాంటా క్రూజ్ ద్వీపంలో. 2005లో మొదలుపెట్టి, ద్వీపాన్ని కంచెలతో ముక్కలు చేసి, హెలికాప్టర్ల మీంచి కూడా కాల్చి, రెండేళ్లు తిరక్కుండా ఐదు వేలకు పైగా పందుల్ని లేపేశారు. పంది పిల్లల కోసం చేరిన గోల్డెన్ ఈగిల్స్ అక్కడి చిన్న నక్కల్ని ఎత్తుకుపోతున్నాయని చేసిన పని అది, చేసినవాళ్లు జీతానికొచ్చిన షూటర్లు. పొలంగట్టూ, సరదాకి వెళ్లానను, మాంసానికి వెళ్లానను, ఒప్పుకుంటా. రైతు పేరు మాత్రం ఎత్తకు. ఇంకోటి, "కాల్చాను, పడింది" అని రెండు ముక్కల్లో దాటేశావు. ఒక్క గుండుకేనా?

కారంపొడి:
ఇదంతా సరే, కూర ఎలా కుదిరింది?

తులసికోట:
దండం బాబూ మీకు.

పొలంగట్టు:
కారంపొడీ, ఊరపంది లెక్కన వండితే నమల్లేవు, కొవ్వు తక్కువ, కుక్కర్లో బాగా ఉడకాలి. ట్రైకినెల్లా పురుగు ఉండే ప్రమాదం ఉంది, ముక్క లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటాల్సిందే. కోసేటప్పుడు గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టకు, బ్రూసెల్లా అనే బాక్టీరియా అంటుకుంటుంది.

చిట్టడవి అన్నా, ఒక్క గుండుకి కాదు. మొదటిది పొట్టలో తగిలింది, గుబురుల్లోకి పోయింది. ఆకుల మీద చుక్కలు చూసుకుంటూ నలభై నిమిషాలు వెతికాం, నెత్తుటిలో పచ్చగా పసరు కలిసి ఉంది. గైడు ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఎండిన వాగులో పక్కకి ఒరిగి పడుంది, డొక్కలు ఎగరేస్తోంది, నన్ను చూసి లేవబోయింది. రెండో గుండు పదడుగుల దూరం నుంచి. మీరంతా చూసిన ఫొటో దాని తర్వాత తీసిందే. నవంబర్‌కి ఇంకో ట్రిప్పుకి అడ్వాన్స్ కట్టి ఉన్నాను, క్యాన్సిల్ అయితే చేయలేదు ఇంకా.